ఆ తొంభై మీటర్ల ఒడ్డు గురించి: మన సరస్సు కైటర్లకి, పిక్నిక్ కుటుంబాలకి, పార్కుల అధికారులకి బహిరంగ లేఖ

అందరికీ నమస్కారం.

డాలస్‌కి ఉత్తరాన మనం వారం వారం వెళ్లే సరస్సు పేరు ఇక్కడ రాయడం లేదు. వెళ్లేవాళ్లకి చెప్పనక్కర్లేదు. నేను అక్కడ ఆరేళ్లుగా కైట్‌బోర్డింగ్ చేస్తున్నాను, అంటే పెద్ద గాలిపటం (కైట్) లాగుతుంటే కాళ్ల కింద పలకతో నీళ్ల మీద జారే ఆట. కైట్లు, పిక్నిక్‌లు ఒకే చోట కలిసి ఒడ్డు మీద జరుగుతున్న గందరగోళం గురించి పార్కుల విభాగానికి ఇంగ్లీషులో మూడు మెయిళ్లు రాశాను. మూడింటికీ ‘మీ మెయిల్ అందింది’ అని మిషను పంపే జవాబు తప్ప ఇంకేమీ రాలేదు. కౌన్సిల్ మీటింగుకి వెళ్లి, నాకిచ్చిన మూడు నిమిషాల్లో చెప్పగలిగింది చెప్పాను. ఎవరో ఏదో రాసుకున్నారు, అంతే. కైటర్ల వాట్సాప్ గ్రూపులో పెడితే నాలుగు బొటనవేళ్లు, ఒక నవ్వు బొమ్మ వచ్చాయి.

అందుకని ఇప్పుడు తెలుగులో రాస్తున్నాను. శనివారం సాయంత్రం ఆ ఒడ్డున నిలబడి వింటే సగం మాటలు తెలుగే. నీళ్లలో ఉన్న కైటర్లలో ఆరేడుగురం మనవాళ్లమే. ముందు మన మధ్య ఒక మాట కుదిరితే, ఆ తర్వాత ఇంగ్లీషులో అందరం కలిసి అడగొచ్చు.

ముందుగా నా తప్పు చెప్పుకుంటాను. మొన్న ఏప్రిల్‌లో ఒక శనివారం, గాలి 20 నాట్ల దాకా, అంటే గంటకి సుమారు 37 కిలోమీటర్ల వేగంతో, ఉంది. నా 9 మీటర్ల (చదరపు మీటర్లు, మేము అలాగే అంటాం) కైట్‌లో గాలి నింపి, బోర్లా పెట్టి, పైన ఇసుక పోసి, లైన్లు, అంటే కైట్ తాళ్లు, గడ్డి మీద పరిచాను. బార్ (కైట్‌ని తిప్పే చేతికర్ర) నా నడుముకి కట్టుకున్న హార్నెస్ పట్టీకి తగిలించుకుని, ఎగరేయడానికి సాయం చేసే స్నేహితుడి కోసం చూస్తున్నాను. బంతి వెనకాల పరిగెత్తుకుంటూ ఒక ఆరేళ్ల బాబు లైన్ల మధ్యకి వచ్చాడు. సరిగ్గా అప్పుడే పక్కన కూర్చున్న ఒకాయన, పాపం సాయం చేద్దామనే, వెళ్లి నా కైట్ ఎత్తి పట్టుకున్నారు. కైట్ గాలి అందుకుంది. బాబు మడమకి లైను చుట్టుకుంది. కైట్ లాగుడుని వెంటనే ఆపేసే క్విక్ రిలీజ్ నొక్కేశాను, కైట్ చచ్చుబడి కింద పడింది. బాబు కాలికి ఎర్రటి వాత ఒకటి తేలింది, రక్తం రాలేదు. వాళ్లమ్మ నన్ను ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆ రోజు నేను చేయకూడని పని ఏమిటంటే, మనుషులు తిరిగే చోట లైన్లు పరిచి బార్ తగిలించుకుని నిలబడటం. ఆరేళ్ల అనుభవం ఉన్న నేనే అలా చేశానంటే దానికి కారణం ఒకటే. ఇంకెక్కడా చోటు లేదు, వెనక నలుగురు వెయిట్ చేస్తున్నారు, గాలి ఎప్పుడు తగ్గుతుందోనని టెన్షన్.

నిజానికి మనకి నీళ్లు తక్కువ కాలేదు. ఇరుకంతా ఒడ్డు దగ్గరే. టెక్సస్‌లో సరస్సులంటే దాదాపు అన్నీ నదులకి అడ్డం కట్టిన రిజర్వాయర్లే. చుట్టూ చెట్లు, రాళ్ల కట్టలు, పడవల రేవులు, ఇళ్లు. కైట్ ఎగరేయాలంటే గాలి వచ్చే వైపు చెట్లుండకూడదు, గాలి పోయే వైపు కరెంటు తీగలుండకూడదు, గాలి ఒడ్డుకి ఏటవాలుగా తగలాలి. వసంతకాలంలో ఇక్కడ వీచే దక్షిణపు గాలికి ఈ లెక్కలన్నీ కుదిరే చోటు మన సరస్సులో ఒక్కటే ఉంది. ఉత్తరపు చలిగాలి దిగిన రోజుల్లో అదే ఒడ్డున గాలి నేల మీద నుంచి నీళ్లలోకి పోతుంది. అప్పుడు దిగితే అవతలి ఒడ్డుకి కొట్టుకుపోవడమే, కాబట్టి తెలిసినవాళ్లెవరూ దిగరు. అలా ఏడాది మొత్తం మీద మంచి గాలి రోజులన్నీ మార్చి నుంచి జూన్ దాకా కుప్పపడతాయి. పిక్నిక్‌లూ అప్పుడే, పుట్టినరోజు పార్టీలూ అప్పుడే. పైగా అందరి ఫోన్లలో అదే గాలి యాప్. మధ్యాహ్నం మూడింటికి 18 నాట్లని చూపిస్తే మూడింటికి అందరం దిగిపోతాం.

ఆ చోటు పొడవు నేను అడుగులేసి కొలిచాను. సుమారు 90 మీటర్లు. వానలు పడి సరస్సు నిండితే అందులో మూడో వంతు నీళ్ల కింద ఉంటుంది. 2015 వానలకి ఉత్తర టెక్సస్ సరస్సుల పక్కన పార్కులకి పార్కులే ఎలా మునిగాయో పాతవాళ్లకి గుర్తుండే ఉంటుంది.

ఇక ఒక్కో విషయం.

1. ఎగరేసే చోటు. కైట్ లైన్లు మామూలుగా 20 నుంచి 24 మీటర్లుంటాయి. కైట్‌ని, మనిషిని కలుపుకుంటే, ఎగరేసేటప్పుడు మనిషి చుట్టూ గాలి పోయే వైపు 25 మీటర్ల అర్ధచంద్రం మొత్తం ఆ కైట్‌దే. అంటే ఒడ్డు వెంట 50 మీటర్లు. మన 90 మీటర్లలో అలాంటివి పక్కపక్కన రెండు కూడా పూర్తిగా పట్టవు. నేను లెక్కపెట్టిన ఒక శనివారం అక్కడ 18 కైట్లున్నాయి, ఒకే సమయంలో నాలుగు లేస్తున్నాయి.

కైటర్లకి నా విన్నపం: ఒకసారికి ఒకటే. కోన్‌లు పెట్టి, తాడు కట్టి, ఒక చివర ఎగరేసే చోటు, రెండో చివర దించే చోటు అనుకుందాం. సాయం చేసే మనిషి ఉంటే ఒక్కో కైట్ లేచి నీళ్లలోకి పోవడానికి రెండు నిమిషాలు పట్టదు. 18 కైట్లకి 36 నిమిషాలు. బిర్యానీ కోసం ఇంతకంటే ఎక్కువసేపు లైన్లో నిలబడ్డవాళ్లమే మనం. లైన్లు పరిచి బార్ తగిలించుకుని ఖాళీగా నిలబడటం మాత్రం ఎవరూ, నాతో సహా, చేయకూడదు. వంతు వచ్చేదాకా లైన్లు బార్‌కి చుట్టే ఉండాలి.

2. ఒడ్డున కుటుంబాలు. గాలిపటం అనగానే మనకి సంక్రాంతి గుర్తొస్తుంది. దారం తెగితే పిల్లలు దాని వెంట పరిగెత్తుతారు, దొరికినవాడిదే గాలిపటం. ఇక్కడ ఆ సరదా పనికిరాదు. ఈ లైను మందం 2 మిల్లీమీటర్ల లోపే, కానీ ఇద్దరు పెద్దవాళ్ల బరువు తేలిగ్గా మోస్తుంది. బిగుసుకున్నప్పుడు అది మాంజాకేమీ తీసిపోదు. ఇంకో సంగతి, కింద పడి ఉన్న కైట్‌ని చచ్చిన కైట్ అనుకోకండి. 1984లో ఫ్రాన్స్‌లో బ్రూనో, డొమినిక్ లెగైన్యూ అనే అన్నదమ్ములు పేటెంట్ తీసుకున్నది సరిగ్గా దీనికే, గాలి నింపిన గొట్టం వల్ల నీళ్లలో పడ్డా మునగకుండా మళ్లీ లేచే కైట్. ఈ ఆట బతికింది ఆ గుణం వల్లే. గడ్డి మీద పిల్లాడు పట్టుకుని లాగినా అది అలాగే లేస్తుంది.

అక్కలకీ అన్నయ్యలకీ మనవి: తాడు కట్టిన చోటికి గాలి వచ్చే వైపున, అంటే దక్షిణం వైపు కూర్చోండి. గాలి పోయే వైపు వద్దు. ఎవరి కైట్‌నీ ముట్టుకోకండి, సాయం చేయాలనిపించినా సరే, వాళ్లు అడిగితేనే. 20 నాట్ల గాలి ఉన్న రోజు ఆ మడత టెంట్లు వేయకండి. బిర్యానీ ట్రే మీద మూత నిలవని రోజున టెంటు ఎలా నిలుస్తుంది? కిందటేడు ఒకటి లేచి వచ్చి మా మధ్య పడింది. దాన్ని పట్టుకోవడానికి ముగ్గురు కైట్లు గాల్లో ఉండగానే పరిగెత్తారు. నవ్వు తెప్పించే దృశ్యమే గానీ నాకు నవ్వు రాలేదు.

3. చేపలు పట్టేవాళ్లు. మనకంటే ముందు నుంచీ ఆ ఒడ్డు వాళ్లది. పొద్దున్నే గాలాలు వేసుకుని కూర్చునే పెద్దమనుషులు ఇద్దరు ముగ్గురుండేవాళ్లు. కైట్లు ఎక్కువయ్యాక రావడం మానేశారు. వాళ్లని ఎవరూ పొమ్మనలేదు, చోటు మిగల్చలేదంతే. శని, ఆదివారాల్లో పదకొండు దాకా కైట్లు లేపొద్దు. గాలి కూడా ఎలాగూ మధ్యాహ్నానికే కదా బలపడేది.

4. ఒడ్డు దగ్గర జంపులు. ఎగరాలంటే గాలి పోయే వైపు 50 మీటర్లు, గాలి వచ్చే వైపు 30 మీటర్లు ఖాళీ ఉండాలని కైట్ స్కూళ్లు మొదటి పాఠాల్లోనే చెప్తాయి. మనవాళ్లు మాత్రం ఒడ్డుకి 15 మీటర్ల దగ్గర, ఎవరైనా ఫోన్ పట్టుకుని నిలబడితే చాలు, ఎగిరేస్తారు. చూసేవాళ్లు చప్పట్లు కొడతారు. ఎగిరినవాడు దిగేది గాలి పోయే వైపే, చప్పట్లు కొట్టేవాళ్లు నిలబడేదీ అక్కడే. ఒడ్డు నుంచి 100 మీటర్ల లోపల జంపులు వద్దు. వీడియో కావాలంటే జూమ్ చేసుకోవచ్చు.

దారి ఇచ్చే నియమాలు కూడా ఒకసారి గుర్తు చేస్తాను, ఎందుకంటే సగం మందికి తెలియవు, తెలిసినవాళ్లు ఎదుటివాడికి తెలుసనుకుంటారు. ఎదురెదురుగా వస్తే కుడి చెయ్యి ముందుకు పెట్టి పోతున్నవాళ్లకి దారి. ఎడమ చెయ్యి ముందున్నవాళ్లు తప్పుకోవాలి. దాటేటప్పుడు గాలి వచ్చే వైపు ఉన్నవాళ్లు కైట్ పైకి ఎత్తాలి, గాలి పోయే వైపు ఉన్నవాళ్లు కిందకి దించాలి. ఒడ్డు నుంచి బయల్దేరేవాళ్లకి ముందు దారి, వచ్చేవాళ్లు ఆగాలి. ఈ నాలుగు ముక్కలు తెలియనివాళ్లు ఇంకా సోలోగా దిగే స్థాయికి రాలేదనే నా అభిప్రాయం. దీనికి కొందరికి కోపం రావచ్చు.

5. నేర్పేవాళ్లు. మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. ఒక్కో పాఠానికి మీరు తీసుకునే డబ్బు తక్కువేమీ కాదు. ఒక్కరే ముగ్గురు విద్యార్థుల్ని, అదీ సరిగ్గా అందరూ లోపలికి పోయే దారిలో నిలబెడితే ఎలా? మొదటిసారి బార్ పట్టుకున్నవాడికి కైట్ ఎటు పోతుందో తెలియదు, తెలిసేదాకా అది ఎటైనా పోతుంది. మా తమ్ముడి వరసవాడు ఒకతను ఇలాగే నేర్చుకుంటూ ఈత కొట్టేవాళ్ల మధ్యకి వెళ్లిపోయాడు. అదృష్టం కొద్దీ గాలి తగ్గింది. నేర్పేవాళ్లు రద్దీ లేని వారం మధ్య రోజులకో, శనివారమైతే పొద్దున గాలి లేతగా ఉన్నప్పుడు తాడుకి దూరంగానో మారాలి. ఒకరికి ఒక విద్యార్థి, మహా అయితే ఇద్దరు.

6. ఫాయిల్ బోర్డులు. 10 నాట్ల గాలికే నడుస్తాయి, చప్పుడుండదు, కింద కత్తిలాంటి రెక్క. నడుం లోతు దాటేదాకా మోసుకెళ్లి అక్కడ ఎక్కండి, దిగేటప్పుడూ అంతే.

7. గాలి మారినప్పుడు. ఇది అన్నిటికంటే నన్ను భయపెట్టే విషయం. గాలి బలం వేగంతో పాటు వరసగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 15 నాట్లు 30 అయితే లాగే బలం రెట్టింపు కాదు, నాలుగింతలు. ఉత్తర టెక్సస్‌లో మే నెల ఉరుము మేఘం కింద నుంచి చల్లటి గాలి విసురుగా వస్తే ఈ మార్పుకి కొన్ని నిమిషాలు చాలు. దూరంగా నల్లగా కనపడగానే 18 మందీ ఒకేసారి ఒడ్డుకి వస్తారు. దించడానికి చోటు ఒకరికే ఉంటుంది, పట్టుకోవడానికి మనుషులుండరు. పిక్నిక్ జనం అప్పుడే సామాన్లు సర్దుకుంటూ కార్ల వైపు పరిగెత్తుతుంటారు, సరిగ్గా లైన్ల కింద నుంచి.

దీనికి ఒక పద్ధతి ఉండాలి. రద్దీ రోజుల్లో ఒక్కో గంట ఒకరు నీళ్లలోకి దిగకుండా ఒడ్డున కాపలా ఉండాలి. ఆయన చేతిలో ఈల, ఫోన్‌లో రాడార్. ఈల వినపడగానే నేర్చుకునేవాళ్లు ముందు, పెద్ద కైట్లవాళ్లు తర్వాత, మిగతావాళ్లు ఆఖరున దిగాలి. వంతు రానివాళ్లు నీళ్లలోనే కైట్ వదిలేసి ఈదుకు రావడానికి సిగ్గుపడొద్దు. కైట్ చిరిగితే కుట్టించుకోవచ్చు.

8. పార్కుల విభాగం అధికారులకి. ఈ లేఖ ఇంగ్లీషు ప్రతి మీకూ పంపుతున్నాను. ఇది ఆకతాయి ఆట అని మీలో ఎవరికైనా అనిపిస్తే, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మార్సెయ్ తీరాన ఇది పతకాల పోటీ అని గుర్తు చేస్తున్నాను. నిషేధం పెట్టమని మేము అడగడం లేదు. నిషేధం రాకూడదనే అడుగుతున్నాం. ఏదైనా జరిగాక మీటింగు పెడితే అందులో వచ్చేది నిషేధమే, అది మాకు తెలుసు. ఇప్పుడున్న బోర్డు మీద ఈతకి సంబంధించిన ఒక్క వాక్యం తప్ప ఏమీ లేదు. ఎగరేసే చోటు, దించే చోటు గుర్తిస్తూ నాలుగు కర్రలు పాతండి. లైన్లు తొక్కొద్దు, కైట్ ముట్టుకోవద్దు అని బొమ్మలతో ఒక బోర్డు పెట్టండి. తెలుగులో రాయమని అడగను, బొమ్మ చాలు, మావాళ్లకి అర్థమవుతుంది. నీళ్లు పెరిగి ఒడ్డు 60 మీటర్లకి తగ్గితే ఒకేసారి ఎన్ని కైట్లుండాలో మాతో కూర్చుని ఒక సంఖ్య తేల్చండి.

ఇవన్నీ చదివి, వంతులూ కాపలాలూ ఇక్కడ కుదరవు, ఇది అమెరికా, ముందొచ్చినవాడిదే చోటు అని అనేవాళ్లున్నారు. గ్రూపులో అన్నారు కూడా. వాళ్లకి రెండు మాటలు.

ఇటలీలో గార్డా సరస్సు కైటర్లకి పేరున్న చోటు. పొద్దున ఉత్తరం నుంచి ఒక గాలి, మధ్యాహ్నం దక్షిణం నుంచి ఇంకో గాలి, కానీ కొండలు నీళ్లదాకా దిగి ఉండటంతో ఒడ్డు మనకంటే ఇరుకు. అక్కడ కొన్ని చోట్ల కైటర్లని పడవలో లోపలికి తీసుకెళ్లి నీళ్ల మీద నుంచే ఎగరేయిస్తారు. చోటు లేకపోతే ఒక పద్ధతి కనిపెట్టుకున్నారు, అంతే.

రెండోది మా ఊరి వైపు సంగతి. మాది సూళ్లూరుపేట. అక్కడి నుంచి షార్‌కి (శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి) పోయే రోడ్డు పులికాట్ సరస్సు మీదుగానే పోతుంది. ప్రళయ కావేరి అనేవాళ్లు మా పెద్దవాళ్లు. ఆ సరస్సులో, ముఖ్యంగా తమిళనాడు వైపు ఊళ్లలో, మత్స్యకారులకి ‘పాడు’ అని ఒక పద్ధతి ఉంది. రొయ్యలు బాగా పడే చోట్లు కొన్నే, వలలు వేసేవాళ్లు ఎక్కువ. అందుకని చీట్లు వేసుకుని, ఏ రోజు ఏ చోటు ఎవరిదో ముందే తేల్చుకుంటారు. ఈరోజు మంచి చోటు దొరికినవాడికి రేపు వేరే చోటు. తిండికి సంబంధించిన విషయంలో, చదువు లేని తాతల కాలం నుంచి, వాళ్లు వంతులేసుకున్నారు. మనం సరదా కోసం వచ్చి, ఒక్కొక్కరం రెండు మూడు డిగ్రీలు పెట్టుకుని, వేసుకోలేమా?

పాడులో లోపం కూడా చెప్పాలి. ఆ వంతులు కొన్ని ఊళ్ల, కొన్ని కుటుంబాల చేతుల్లోనే ఉండిపోయాయి, మిగతావాళ్లు బయట మిగిలారు. దాని మీద గొడవలు కూడా జరిగాయి. మన వంతులు అలా కాకూడదు. నిన్న కైట్ కొన్న అమ్మాయికీ, ఇరవై ఏళ్లుగా వస్తున్న ఆయనకీ వంతు ఒకటే. గ్రూపులో లేనివాళ్లు వచ్చినా లైన్లో చివర నిలబడితే చాలు, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. అలా కాదంటే ఈ లేఖ మీద మొదట సంతకం చేసిన నేనే వెనక్కి తీసుకుంటాను.

ఇప్పుడు చేయాల్సింది ఇదీ. వచ్చే శనివారం పొద్దున తొమ్మిదింటికి, గాలి లేవకముందు, పార్కింగ్ దగ్గరి బల్లల దగ్గర కూర్చుందాం. ఎనిమిది కోన్‌లు, 100 మీటర్ల తాడు, రెండు ఈలలు నేను కొన్నాను, తెస్తాను. కైటర్లు వస్తే ఆ రోజు నుంచే వంతులు మొదలుపెడదాం. నేర్పేవాళ్లు మీ పాఠాల టైములు చెప్పండి. పిక్నిక్ కుటుంబాల నుంచి ఒకరిద్దరు వచ్చినా చాలు, ఎక్కడ కూర్చోవాలో, ఎక్కడ వద్దో కలిసి నడిచి చూద్దాం. ఆ బాబు వాళ్లమ్మగారు ఇది చదివితే, మీరు రండి. ఆ రోజు మీకు సరిగ్గా క్షమాపణ చెప్పలేదు.

అధికారుల జవాబు కోసం నెలాఖరు దాకా చూస్తాం. రాకపోతే తర్వాతి కౌన్సిల్ మీటింగుకి నేను ఒక్కదాన్నే కాదు, కనీసం ఇరవై మందిమి వస్తాం. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, అంటే గంట.

ఇట్లు,
తొమ్మిది మీటర్ల నీలం కైట్ మనిషి,
సూళ్లూరుపేట నుంచి, ప్రస్తుతం డాలస్ ఉత్తర శివారు